‘ఫలితం ఆశించకు’ అని ఉద్యోగికి చెప్పడం యోగమేనా?

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్కారం. జూన్ 21న యోగా దినోత్సవానికి మా ఆఫీసులో యోగా సెషన్ పెట్టారు. శవాసనంలో ఉండగా శిక్షకుడు "కర్మణ్యేవాధికారస్తే మా ఫలేషు కదాచన" చదివి, పని మీదే దృష్టి పెట్టండి, ఫలితం వదిలేయండి, టెన్షన్ దానంతటదే పోతుంది అన్నారు. నాకూ బాగానే అనిపించింది. వారం తిరక్కుండానే అప్రైజల్ మీటింగ్‌లో మా మేనేజరు అదే శ్లోకం నాకు అప్పజెప్పారు. ఎనిమిది నెలలుగా రాత్రి ఒంటిగంట దాకా క్లయింట్ కాల్స్ నావే. డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్, పక్కన మీగడ కట్టి చల్లారిపోయిన టీ. దగ్గు వస్తే పాప లేస్తుందని నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుంటాను. జీతం పెంచమని అడిగితే నాకు వైరాగ్యం లేదట. అడగడం తప్పా?

విశాఖ యోగా టీచర్:
తమ్ముడూ, అడగడం తప్పు కాదు. అలాగని ఆ శ్లోకం మీద కోపం తెచ్చుకోకు. 2025 యోగా దినోత్సవం నాడు ఇక్కడ ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా లక్షలమంది చాపలేసుకుని కూర్చున్న రోజు నేనూ ఉన్నాను. ఆ తర్వాత నా క్లాసుకి కొత్తగా వచ్చినవాళ్లలో చాలామంది అడిగింది నడుం నొప్పికి ఏ ఆసనం మంచిదనే. యోగసూత్రాలు రాసిన పతంజలి 195 సూత్రాల్లో (కొన్ని ప్రతుల్లో 196) ఆసనం గురించి ఉన్నవి మూడే. మిగతా వాటిలో ఎక్కువ భాగం మనసు సంగతే. మేనేజరు మారతాడో లేదో నీ చేతిలో లేదు. ఆయన అన్న ఒక్క మాటని తెల్లవార్లూ నెమరేసుకోకుండా ఉండటం నేర్చుకోవచ్చు. దాన్నే ప్రతిపక్షభావన అన్నారు: బాధపెట్టే తలపు వచ్చినప్పుడు దానికి ఎదురు తలపుని తెచ్చి నిలబెట్టుకోవడం. ముందు నీ మనసు కుదుటపడనీ, కంపెనీ సంగతి తర్వాత.

ఎర్రమట్టి:
టీచర్‌గారూ, నాకు పేచీ ఇక్కడే. ఎప్పుడూ "ముందు నీ మనసు" అని కిందివాడికే ఎందుకు చెబుతారు? పతంజలి చెప్పిన ఎనిమిది యోగాంగాల్లో మొదటిది యమం, అంటే ఇతరులతో మెలగడంలో పాటించాల్సిన కట్టుబాట్లు. అహింస, సత్యం, అస్తేయం, బ్రహ్మచర్యం, అపరిగ్రహం. అస్తేయం అంటే దొంగతనం చేయకపోవడం. ఇంకొకడి నిద్రని డబ్బివ్వకుండా తీసుకోవడం ఏమవుతుంది? జాతి, దేశం, కాలం, సందర్భం ఏదైనా యమాలకి మినహాయింపు లేదనీ, అవి సార్వభౌమ మహావ్రతమనీ పతంజలే రాశాడు. ఆఫీసు యోగాలో యమం వదిలేసి తిన్నగా శవాసనానికి పోతున్నారు. ఆ సెషన్‌లో మేనేజర్లకి అస్తేయం చెప్పిన శిక్షకుణ్ణి నేనింతవరకూ చూడలేదు.

విశాఖ యోగా టీచర్:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదండీ. నేనూ ఆఫీసుల్లో క్లాసులు చెప్పాను, యమాలు చెప్పలేదు. గంటసేపే ఇస్తారు, ఒళ్లు వంచమంటారు. కానీ మనసు నిలకడ లేకుండా పోట్లాడితే పోట్లాట కూడా చెడుతుందన్న నా మాట మాత్రం మారదు.

రాజమండ్రి సంస్కృతం మాస్టారు (రిటైర్డ్):
నాయనా, ఆ శ్లోకంలో సగమే నీకు వినిపించారు. రెండో పంక్తి చివర "మా తే సంగోఽస్త్వకర్మణి" అని ఉంది. పని మానేయడం మీద ఆసక్తి వద్దని. అర్జునుడు విల్లు కింద పడేసి కూర్చున్నాడు, అప్పుడు చెప్పిన మాట అది. న్యాయంగా రావలసినది అడగడమూ కర్మే. ఆ అడగడానికి ఏం వస్తుందోనని కుమిలిపోవద్దన్నది గీత. అసలు అడగనే వద్దని అందులో లేదు. ఆరో అధ్యాయంలో ఇంకా సూటిగా ఉంది: అతిగా తినేవాడికీ, బొత్తిగా తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ, నిద్ర మాని మేలుకునేవాడికీ యోగం లేదు. రాత్రి ఒంటిగంట దాకా మేల్కొల్పి పొద్దున యోగా చేయించేవారు ఈ శ్లోకం చదవాలి.
ఎర్రమట్టిగారికి ఇంకొక మాట. హింస మూడు రకాలుగా జరుగుతుందని పతంజలి చెప్పాడు, కృత, కారిత, అనుమోదిత. తాను చేసినది, ఇంకొకరిచేత చేయించినది, చూసి సరేనన్నది. మూడూ లెక్కలోకే వస్తాయి.

పార్వతీపురం కోడలు:
మాస్టారూ, ఆఫీసులు సరే, ఇళ్ల సంగతేమిటి? మా అత్తగారు మంచాన పడి మూడేళ్లు. రాత్రిళ్లు రెండుసార్లు లేచి పక్కకి తిప్పాలి, లేకపోతే వీపు పుండు పడుతుంది. చుట్టాలు వచ్చి "సంతోషంగా చెయ్యమ్మా, అదే యోగం" అంటారు. యమం తర్వాతి అంగమైన నియమాల్లో సంతోషం ఉందని నాకూ తెలుసు. మా మరిదికి ఆ మాట ఎవరూ చెప్పరు. పోయిన ఆదివారం నేనే ఫోన్ చేసి శనాదివారాలు నువ్వు రావాలి అన్నాను. అన్నాక చేతులు వణికాయి. వస్తానన్నాడు.

మాదాపూర్ నైట్‌షిఫ్ట్:
అందరికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మేనేజరుకి మెయిల్ రాశాను. మొదట రాసినదాంట్లో కోపంతో నాలుగు లైన్లు వచ్చాయి, తీసేశాను. తేదీలూ గంటలూ మాత్రం ఉంచాను. జవాబు రాలేదు. టీచర్‌గారూ, గుండె దడ తగ్గలేదు, కానీ ఫోన్ పక్కగదిలో పెట్టి పడుకుంటే నిద్ర పట్టింది.
మాస్టారు రాసిన ‘కారిత’ చదివాక ఒకటి గుర్తొచ్చింది. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఇద్దరు పిల్లలకి రాత్రి కాల్స్ కొన్ని అప్పగించింది నేనే. వాళ్లూ కాదనలేదు, నేనూ అడగలేదు. ఈ రాత్రి కాల్‌కి రావద్దని ఇద్దరికీ ఇప్పుడే మెసేజ్ పెట్టాను.