వరద నిధికి విదేశాల నుంచి డబ్బు తీసుకోవచ్చా?

మూసారాంబాగ్ నివాసి:
2020 అక్టోబరు హైదరాబాద్ వరదలో మా పిన్నిగారి ఇంట్లో నడుము లోతు నీళ్లు నిలిచాయి. బియ్యం డబ్బా తేలుతూ వచ్చి వంటింటి గుమ్మానికి అడ్డంపడిందని ఆవిడ ఇప్పటికీ చెబుతుంటారు. ప్రభుత్వం కుటుంబానికి ఇంతని ప్రకటించిన 10,000 రూపాయలు బురద ఎత్తించడానికీ పరుపులు కొనడానికే చాలలేదు. ఈసారి వానలకు ముందే బస్తీ సంఘం తరఫున ఒక నిధి పెట్టుకుందామనుకుంటే, అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారి అబ్బాయి డబ్బు పంపుతానంటున్నారు. విదేశీ సొమ్ముతో చిక్కుల్లో పడతామని మా కోశాధికారి అంటున్నారు. 2018లో కేరళకు విదేశీ ప్రభుత్వాలు ఇవ్వజూపిన సాయాన్ని కేంద్రం వద్దన్నదీ ఇందుకేనా?

విశ్రాంత ఆడిటర్:
ఆ రెండూ వేరండీ. కేరళకు అడ్డొచ్చింది చట్టం కాదు, సహాయ చర్యలకు పరాయి ప్రభుత్వాల సొమ్ము పుచ్చుకోరాదని 2004 సునామీ నాటి నుంచి పాటిస్తున్న విధానం. మీ సంఘానికి వర్తించేది విదేశీ విరాళాల నియంత్రణ చట్టం. మీ అన్నగారు ఇంకా భారత పౌరులే అయితే, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపే డబ్బు విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే మాత్రం, చేతిలో ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులకు మన ప్రభుత్వం ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. అప్పుడు సంఘానికి ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ లేదా ముందస్తు అనుమతి, ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. రిజిస్ట్రేషన్ ఉన్న పెద్ద సంస్థ తనకు వచ్చినదాన్ని మీవంటి సంఘానికి మళ్లించడాన్ని కూడా 2020 సవరణ నిషేధించింది. బస్తీ సంఘాలకు అసలు దెబ్బ ఇదేనని నా అభిప్రాయం.

ఉప్పల్ ఇంజినీరు:
దేశాల స్థాయిలో సాయమంటే చాలావరకు అప్పేనని కూడా గమనించండి. హుద్‌హుద్ తర్వాత ఆంధ్రప్రదేశ్‌కు ప్రపంచ బ్యాంకు ఇచ్చిన 25 కోట్ల డాలర్లు రుణమే. 2022 వరదల్లో పాకిస్తాన్‌కు 3,000 కోట్ల డాలర్లకు పైగా నష్టం జరిగిందని అంచనా వేస్తే, జెనీవా సదస్సులో 900 కోట్లకు పైగా హామీలు వచ్చాయి, అందులోనూ అధిక భాగం అప్పు. ఇక నివారణకు దక్కేది మరీ తక్కువ: 15వ ఆర్థిక సంఘం సైతం రాష్ట్రాల విపత్తు నిధిలో 20 శాతమే దానికి కేటాయించింది. 1908 మూసీ వరద తర్వాత నిజాం ప్రభుత్వం ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టించిన ఊరు మనది. ఇక్కడ కూడా నాలా పూడిక వాన పడ్డాకే గుర్తుకొస్తుంది.

మూసారాంబాగ్ నివాసి:
కనుక్కున్నాను, అన్నయ్యది ఓసీఐ కార్డే. వాళ్ల తమ్ముడు దుబాయ్‌లో ఉన్నా మన పాస్‌పోర్టే కాబట్టి, పంపుసెట్టుకూ తాళ్లకూ ఆయననే అడుగుతున్నాం.