మోకాళ్ల అరుగుదల మందులకు మోకాలి గుజ్జు (కార్టిలేజ్) ముక్క మీద పరీక్షలు చాలవా? ఇంకా ఎలుకలు కావాలా?

ల్యాబ్_సుధాకర్: 2023లో మన దేశంలో కొత్త మందుల నిబంధనలు మార్చారు. జంతువులకు బదులు మనిషి కణాలతో చేసిన నమూనాల మీదా పరీక్షించొచ్చు. మోకాలి మార్పిడి ఆపరేషన్లలో తీసేసే గుజ్జు బోలెడు ఉంది. అది 2-3 మిల్లీమీటర్ల మందం. చిట్టెలుకది మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని పట్టుకుని ఇంకెన్నాళ్లు?

ఎలుకలగది: నొప్పి పుడితే ఎలుక కాలు ఎత్తి పెడుతుంది సార్. మీ డిష్‌లో ముక్క కుంటుతుందా? పైగా ఇంటర్‌ల్యూకిన్-1 (వాపు పుట్టించే ప్రోటీన్) పోసి, 20 ఏళ్లలో అరిగేదాన్ని రోజుల్లో అరగదీస్తారు.

ల్యాబ్_సుధాకర్: మీరు ఎలుక మోకాల్లో లిగమెంట్ (కీలును పట్టి ఉంచే పట్టీ) కోసి కొన్ని వారాల్లో అరగదీయరా? అదేమైనా 20 ఏళ్లా?

కృష్ణాతీరం: ఈ గొడవ సరే, మా నాన్నకు ఏ మందు వాడాలో చెప్పండి.

ఎలుకలగది: నొప్పి తగ్గించేవి ఉన్నాయండీ, అరుగుదలను ఆపేది ఇంకా రాలేదు. సుధాకర్ గారూ, ఆపరేషన్ దాకా వచ్చిన మోకాలు ఎప్పుడో పాడైంది. అరగడం ఎలా మొదలైందో అందులో ఏం కనిపిస్తుంది?

పిజి_రెండో_ఏడు: గుజ్జులోంచి కణాలు విడదీసి ప్లాస్టిక్ మీద పెంచితే టైప్ 2 కొల్లాజెన్ (గుజ్జులో ఉండాల్సిన ప్రోటీన్) తగ్గి, చర్మంలో, ఎముకలో ఉండే టైప్ 1 వస్తుంది కదా?

ల్యాబ్_సుధాకర్: అందుకే వాటిని ఆల్జినేట్ (సముద్రపు నాచు నుంచి తీసే జెల్) పూసల్లో పెంచుతారు. నేను మాట్లాడేది కణాల గురించి కాదు, ముక్క గురించి. ఎలాగూ చెత్తబుట్టలో పడేదే.

రమ_ఖమ్మం: చెత్తబుట్టా? మా అమ్మ మోకాలి ఆపరేషన్ రోజు తెల్లవారుజామున స్ట్రెచర్ మీద ఆరు పేజీల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. తర్వాత ఒక కుర్రాడు ఐస్ డబ్బాతో బయటికొచ్చాడు. ఏంటని అడిగితే "శాంపిల్ మేడం" అంటూ వెళ్లిపోయాడు. అంతే.

ల్యాబ్_సుధాకర్: మాకు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉందమ్మా. రోగి పేరు మా దాకా రాదు.

రమ_ఖమ్మం: నేను అడిగింది కమిటీని కాదు. చెత్త అయితే మీ ఫ్రీజర్‌లో ఎందుకుంది? విలువైనదైతే అమ్మకు ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?

ఎలుకలగది: నేను మొదటి నుంచీ అదే మొత్తుకుంటున్నా.

రమ_ఖమ్మం: మీరు చెప్పింది అది కాదండీ. మీ ఎలుకలనూ ఎవరూ అడగలేదు. పరిశోధన వద్దని నేను అనను. ఆ నడవలో తెలుగులో రెండు ముక్కలు చెబితే అమ్మ ఇంకో మోకాలిదీ ఇచ్చేది.

ల్యాబ్_సుధాకర్: మా ఫారం ఇంగ్లిష్‌లోనే ఉంది. అది నిజమే.

ఎలుకలగది: ఫారం సంగతి తర్వాత. ముక్క కుంటుతుందా లేదా?