రోడ్డు ప్రమాదంలో కాలు పోయింది, పరిహారం సగమేనా?

ప్రశ్న: లారీ డ్రైవరు, 34 ఏళ్లు, నెలకు 20,000. ఎదుటి బండి గుద్ది ఎడమ కాలు మోకాలి కింద తీసేశారు. సర్టిఫికెట్‌లో వైకల్యం 50 శాతం. పరిహారమూ సగమేనా?

జవాబు: కాదండీ. ఆ శాతం శరీరానికి కలిగిన వైకల్యానిది, ట్రిబ్యునల్ (ప్రమాద పరిహారం తేల్చే కోర్టు) చూడాల్సింది సంపాదన ఎంత పోయిందని. రాజ్‌కుమార్ కేసులో (2010) సుప్రీంకోర్టు చెప్పిందిదే. 20,000కు భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలిపితే 28,000. దాన్ని 12 నెలలతో, ఈ వయసుకు గుణకం (ఎన్నేళ్ల ఆదాయం లెక్కించాలో చెప్పే అంకె) 16తో హెచ్చిస్తే, సంపాదన పూర్తిగా పోయిందని తేలినప్పుడు మొత్తం 53,76,000. సగమే అంటే 26,88,000. అన్యాయంగా పోయేది ఇక్కడే.

సర్టిఫికెట్ దాఖలు చేసి ఊరుకోవద్దు. డాక్టరును సాక్షిగా పిలిపించండి. ఈ కాలితో క్లచ్ తొక్కలేడని ఆయన నోటే రికార్డులోకి రావాలి. వైద్యం, నొప్పి, సహాయకుడి ఖర్చు విడి పద్దులు.

కృత్రిమ కాలు అరుగుతుంది, మార్చాలి. కొటేషన్ జతచేసి తర్వాతి కాళ్ల ఖర్చూ, మరమ్మతులూ ఇప్పుడే అడగండి. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం పిటిషన్ గడువు ప్రమాదం జరిగిన రోజు నుంచి 6 నెలలే. క్రిమినల్ కేసు తేలేదాకా ఆగకండి.