ప్రతి దెబ్బకీ ఓ చుక్క: నా యానిమేషన్ ఎందుకు విసుగొస్తోంది?

ప్రశ్న: సంగీతానికి తగ్గట్టు ఆకారాలు కదిలే యానిమేషన్ చేస్తున్నాను. డ్రమ్ మోగిన ప్రతిసారీ ఓ చుక్క పేలుతుంది. నిమిషం దాటేసరికి నాకే విసుగు. ఎక్కడ తప్పుతున్నాను?

జవాబు: ప్రతి దెబ్బకీ పేల్చడమే తప్పండీ. నేనైతే డ్రమ్ వదిలేసి వయొలిన్ వెంట ఒక్క గీత నడుపుతాను. అది ఆగితే గీతా ఆగుతుంది. ఓపిక కావాలంటే యానిమేషన్ కళాకారుడు ఆస్కార్ ఫిషింగర్‌ని చూడండి: 1938లో కాగితపు బిళ్లల్ని తీగలకు వేలాడదీసి, ఫ్రేము ఫ్రేముకూ జరుపుతూ ఓ సంగీత చిత్రం తీశాడు.

మరో జవాబు: సంగీతాన్ని కళ్లకు చూపించాలనే ఈ పిచ్చి పాతదే! మీట నొక్కితే రంగు కనిపించే వాద్యాన్ని ఫ్రెంచ్ గణితవేత్త కాస్టెల్ 1725లోనే ఊహించాడు. నాకు మాత్రం యానిమేషన్ కళాకారుడు నార్మన్ మెక్‌లారెన్ ఇష్టం. 1971లో, ఫిల్మ్ అంచున ఉండి శబ్దాన్ని పుట్టించే సౌండ్‌ట్రాక్ చారలకే రంగులేసి తెరమీద పెట్టాడు. వినేదీ చూసేదీ ఒకటే.

ప్రశ్న అడిగినవారు: సగం చుక్కలు తీసేసి, వయొలిన్ వెంట గీత పెట్టాను. నిశ్శబ్దం వచ్చినచోట తెర నల్లగానే ఉంచాను. నయమే, కానీ చివర్లో గీత ఇంకా కంగారు పడుతోంది.