నీళ్ల సీసా కింద మాత్రల డబ్బా: కలిపి చేయాలా, విడిగానే ఉండాలా?

పీణ్య టూల్‌రూమ్

అందరికీ నమస్కారం. మాది హిందూపురం వైపు. పదిహేనేళ్లుగా బెంగళూరు పీణ్యాలో ప్లాస్టిక్ మౌల్డుల పని. ఒక సీసా గీస్తున్నాను, ఒకచోట ఆగిపోయాను. మీ మాట కావాలి.

పైన 600 మిల్లీలీటర్ల నీళ్లు. కింద మర తిప్పితే ఊడొచ్చే చిన్న డబ్బా, 100 మిల్లీలీటర్లంత చోటు. అందులో మాత్రలు, ఇంటి తాళంచెవి, కాస్త చిల్లర. పొద్దున్నే నడకకు వెళ్లే పెద్దవాళ్ల కోసం ఇది. జేబు లేని చీర కట్టుకుని, తాళంచెవి కొంగున ముడేసుకుని వెళ్లే అమ్మల కోసం కూడా.

ఇలాంటివి బజార్లో ఉన్నాయి. పోయినేడు మా నాన్నకు ఒకటి కొనిచ్చాను. జూన్‌లో, ముసురు పట్టిన ఒక రోజు, లాల్‌బాగ్ గుట్ట మీద కూర్చుని డబ్బా విప్పితే బీపీ మాత్ర ఆయన వేలికి అంటుకుని వచ్చింది. అంచులు కరిగిపోయి, తడిసిన సుద్దముక్కలా ఉంది. ఆ రోజు ఆయన మాత్ర వేసుకోకుండానే ఇంటికొచ్చారు.

నీళ్లు కారాయేమో అనుకున్నాను. కుళాయి నీళ్లు నింపి రాత్రంతా కాగితం మీద పెట్టి చూశాను. కాగితం పొడిగానే ఉంది, డబ్బాలో చుక్క లేదు. మరి ఆ తడి ఎక్కడిది? అడిగితే తెలిసింది, నాన్న ఆ రోజు ఫ్రిజ్ నీళ్లు పోసుకెళ్లారు.

విప్పి చూస్తే నీళ్లుండే అరకు అడుగుభాగమూ, డబ్బాకు పైకప్పూ ఒకటే పలక. మందం రెండు మిల్లీమీటర్లు కూడా లేదు. పైన చల్లనీళ్లు ఉంటే కింద డబ్బా కప్పుకు చెమట పడుతుంది, అది మాత్రల మీద రాలుతుంది. నా లెక్క ఇది. కాబట్టి రెండు అరలకూ గోడ ఉమ్మడిగా ఉండకూడదు, డబ్బాకు దాని మూత దానికుండాలి, మధ్యలో గాలి ఉండాలి అంటాను. నాతో పనిచేసే ఆయనేమో అదంతా దండగ అంటాడు. ఒక భాగం పెరిగితే ఇంకో మౌల్డు చేయాలి, దానికి లక్షలు పోయాలి. ఆయన మాటా తీసేయలేను. అసలు డబ్బా అడుగునే ఉండాలా, మూతలో పెట్టాలా అన్నదీ తేలలేదు.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి

అన్నా, చెన్నై నుంచి చెబుతున్నా. మీ నాన్నగారికి జూన్ ముసురులో జరిగింది మాకు ఏడాదిలో ముప్పాతిక రోజులు జరుగుతుంది. ఇక్కడ ఫ్రిజ్‌లోంచి సీసా తీసి బల్ల మీద పెడితే ఐదు నిమిషాల్లో కింద మడుగు కడుతుంది.

మా ఇంట్లోనూ అలాంటి సీసా ఒకటుంది. మీ పోస్టు చదివి నిన్న ఒక పని చేశా. వేయించిన అప్పడం ముక్క డబ్బాలో పెట్టి, మర బిగించి, పైన ఫ్రిజ్ నీళ్లు పోసి నాలుగు గంటలు వదిలేశా. తేమ సంగతి అప్పడానికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు కదా. తీస్తే మడిచినా విరగలేదు, తోలులా వంగింది. కుళాయి నీళ్లు పోసి మళ్లీ చేస్తే కరకరలాడింది. కాబట్టి మీ మాటే నిజం, గోడ విడిగా ఉండాల్సిందే.

జాలహళ్లి ఫిజిక్స్ మాస్టారు

ఇద్దరి పరిశీలనా బాగుంది. కానీ కారణం మీరనుకున్నది కాదేమో. ఒక చిన్న లెక్క చేద్దాం.

30 డిగ్రీల దగ్గర ఒక ఘనమీటరు గాలి పట్టుకోగల నీటి ఆవిరి సుమారు 30 గ్రాములు. చెన్నైలో తేమ నూటికి 80 పాళ్లనుకుంటే అందులో 24 గ్రాములు ఉన్నట్టు. 100 మిల్లీలీటర్ల డబ్బా ఘనమీటరులో పదివేలో వంతు. అంటే డబ్బా మొత్తంలో ఉన్న నీరు 2.4 మిల్లీగ్రాములు. డబ్బా 10 డిగ్రీలకు చల్లబడినా దాదాపు ఒక మిల్లీగ్రాము గాలిలోనే ఉంటుంది. చెమటగా మారేది ఒకటిన్నర మిల్లీగ్రాములు. ఒక చుక్క నీరు సుమారు 50 మిల్లీగ్రాములు. చుక్కలో ముప్పయ్యో వంతుతో మాత్ర సుద్దముక్కలా నానుతుందా?

డబ్బా నిజంగా గాలి చొరకుండా మూసుకుని ఉంటే గోడ ఒకటైనా రెండైనా తేడా ఉండకూడదు. తడి బయట నుంచి వస్తోంది. గోడకు లక్షలు పోసే ముందు మర దగ్గర చూడండి.

పీణ్య టూల్‌రూమ్

మాస్టారూ, మీ లెక్క రెండుసార్లు చదివాను. ఒప్పుకోక తప్పడం లేదు. కానీ నీళ్ల అర కారలేదని చూశాను కదా, బయట నుంచి అంటే ఎక్కడి నుంచి? చెల్లెమ్మా, ఇంకోసారి చేయగలవా? ఈసారి అప్పడం వద్దు. టిష్యూ కాగితం డబ్బా లోపల అంచు చుట్టూ ఒకటి, మధ్యలో ఒకటి పెట్టి చూడు.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి

చేశానన్నా. మధ్యలో పెట్టింది పొడిగా ఉంది. అంచు దగ్గర పెట్టింది ఒక పక్క తడిసి గోడకు అతుక్కుపోయింది. మర చుట్ల మధ్యలో నీళ్లు నిలిచి ఉన్నాయి, గోటితో గీస్తే వేలికి వచ్చాయి. సీసా ఒంటి మీద పట్టిన చెమటంతా కిందికి జారి, సరిగ్గా డబ్బా అతుకు దగ్గరే ఆగుతోంది.

జాలహళ్లి ఫిజిక్స్ మాస్టారు

అమ్మాయీ, నువ్వు చూసిందే అసలు సంగతి. మిగతాది నేను చెబుతాను. మూసిన డబ్బాలో గాలి 30 నుంచి 10 డిగ్రీలకు చల్లబడితే దాని ఒత్తిడి నూటికి ఆరేడు పాళ్లు తగ్గుతుంది. డబ్బా బయటి నుంచి లోపలికి పీలుస్తుంది. రబ్బరు వాషర్ సరిగ్గా కూర్చోకపోతే 100 మిల్లీలీటర్లకు ఆరేడు మిల్లీలీటర్లు పీల్చుకోగలదు. ఆ సమయానికి అతుకు దగ్గర గాలి ఉంటే గాలిని, నీళ్లుంటే నీళ్లను. ఒకటిన్నర మిల్లీగ్రాములు ఎక్కడ, ఇది ఎక్కడ!

అందుకే మీ గాలి అర ఆలోచన మొత్తానికి తప్పు కాదు. డబ్బా అంత త్వరగా, అంతగా చల్లబడకపోతే అంతగా పీల్చదు. కాకపోతే మొదటి మందు అది కాదు.

ఆసుపత్రి డ్యూటీ, రాజాజీనగర్

నర్సుగా ఇరవై రెండేళ్ల సర్వీసు నాది. తమ్ముడూ, నువ్వు గాలి గురించి, మర గురించి ఎంత బాగా చేసినా మాత్రలకు నేను వద్దనే అంటాను.

కంపెనీ వాళ్లు మాత్రను రేకులో ఎందుకు పెడతారు? తేమ, వెలుతురు తగలకూడదనే. ఆ రేకును మించిన డబ్బా నువ్వు చేయలేవు. నువ్వు చోటిస్తే జనం ఏం చేస్తారో నాకు తెలుసు: మాత్రలు విప్పి ఆ డబ్బాలో పోసేస్తారు. లేదా స్ట్రిప్పును కత్తెరతో ముక్కలు చేస్తారు, ఎక్స్‌పైరీ తేదీ ఉన్న కొస చెత్తబుట్టలోకి పోతుంది. రెండు తెల్ల మాత్రలు పక్కపక్కన ఉంటే షుగరుది ఏదో, బీపీది ఏదో కళ్లజోడు పెట్టుకున్నా తెలియదు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలనైతే అవి వచ్చిన గాజు సీసాలోనే ఉంచాలి, వేరే డబ్బాలోకి మార్చకూడదు. అవసరమైన నిమిషంలో అది పనిచేయకపోతే?

తాళంచెవికీ, చిల్లరకూ చేసుకో. సంతోషం. మాత్రల కోసం అని మాత్రం అమ్మొద్దు.

పీణ్య టూల్‌రూమ్

అక్కా, మీరు చెప్పింది గుండెకు తగిలింది. మా నాన్న చేసిందీ అదే, స్ట్రిప్పులోంచి విప్పి డబ్బాలో పోసుకున్నారు. కానీ మాత్రలకు కాదని రాసి అమ్మినా జనం పెట్టేది మాత్రలే. పెడతారని తెలిసి పొడిగా ఉండేలా చేయకపోవడం నాకు తప్పనిపిస్తుంది.

రాయచోటి అన్న, కె.ఆర్.పురం

మీరంతా అడుగున డబ్బా అంటున్నారు. మా అవ్వ దగ్గర ఇత్తడి మరచెంబు ఉండేది. తిరపతికి నడిచి పోయేటప్పుడు అదే. మూత బోర్లిస్తే గిన్నె, దాంట్లోనే నీళ్లు పోసుకుని తాగేది. మూత లోపలి గుంటలో వక్కలు గుడ్డలో చుట్టి పెట్టేది. చెమట కిందికి జారుతుందన్నారు గదా, మూత పైనుంటుంది, చెమటకు అందదు. మూతలోనే పెట్టండి.

పీణ్య టూల్‌రూమ్

అన్నా, మరచెంబు మాట విని మా జేజి గుర్తొచ్చింది. నేనూ మొదట మూతే గీశాను. కానీ నీళ్లు తాగిన ప్రతిసారీ మూత తీస్తాం, సీసా వంచుతాం, ఆ నీళ్లు మూత వైపుకే వస్తాయి. చలికాలంలో వేడినీళ్లు పోస్తే ఆవిరంతా నేరుగా మూతకే కొడుతుంది. అవ్వ వక్కలకు ఆవిరి తగిలినా నష్టం లేదు, మాత్రకు ఉంది. పైగా మూత ఒక చేతిలో, మాత్రల డబ్బా అదే చేతిలో, వణికే చేతులు. అడుగునే నయం అనిపించింది.

గ్యాస్ వెల్డింగ్, బొమ్మసంద్ర

ఇంకో తంటా ఎవరూ చెప్పలేదు. సీసాను అడుగున డబ్బా దగ్గర పట్టుకుని పై మూత విప్పితే కింద డబ్బా మర కూడా వదులవుతుంది. రెండూ ఒకే వైపు మరలు కాబట్టి. నా సీసా డబ్బా అలాగే బస్సులో ఊడి తాళంచెవులు సీట్ల కిందికి పోయాయి. డబ్బాకు ఎడమ మర పెట్టండి. మా అసిటిలీన్ పైపు నట్లకు ఎడమ మరే ఉంటుంది, ఆక్సిజన్‌ది పొరపాటున ఎక్కించకుండా.

పీణ్య టూల్‌రూమ్

ఆలోచన మంచిదే అన్నా, గీసి చూశాను. ఎడమ మర పెడితే మూత విప్పేటప్పుడు డబ్బా బిగుసుకుంటుంది, నిజమే. కానీ మూత బిగించేటప్పుడు వదులవుతుంది! తాగాక మూత గట్టిగా తిప్పి సీసాను సంచిలో వేస్తాం, అంటే డబ్బా వదులుగా ఉన్నప్పుడే సంచిలోకి పోతుంది. పైగా ఎటు తిప్పాలో పెద్దవాళ్లకు తికమక. మర తీసేసి పావు చుట్టు తిప్పితే టక్‌మని పడే లాక్ పెడుతున్నాను. కీళ్లనొప్పులున్న చేతికి అదే తేలిక. టక్ వినిపించకపోతే పడలేదని అర్థం.

మారతహళ్లి 4వ అంతస్తు

వ్యాక్యూమ్ స్టీల్ సీసా తీసుకుంటే సరిపోతుంది కదండీ? రెండు గోడల మధ్య గాలే ఉండదు, బయటికి చల్లదనం రాదు, చెమటే పట్టదు. మా బోరు నీళ్లకు ప్లాస్టిక్ సీసా నెల తిరిగేసరికి లోపల తెల్లచార కడుతోంది, చెయ్యి పట్టదు, బ్రష్ అందదు.

పీణ్య టూల్‌రూమ్

చెమట విషయంలో మీరు చెప్పిందే సరైన పరిష్కారం. కాకపోతే బరువు, ధర. నేను చేస్తున్నది పాలీప్రొపిలీన్‌తో, అడుగున త్రికోణంలో 5 అంకె ఉండే ప్లాస్టిక్. వేడినీళ్లకు తట్టుకుంటుంది. చెయ్యి దూరేంత మూతి పెడుతున్నాను. సిలికాన్ వాషర్ కూడా చేత్తో తీసి కడుక్కునేలా ఉంటుంది. దాని గాడిలోనే నల్లబూజు పడుతుంది, నాన్న సీసాలో చూశాను.

ఇక అసలు విషయం. రెండు రాత్రులు కూర్చుని అతుకు మార్చాను. మా ఊళ్లో పెంకుటింటికి చూరు గోడ దాటి బయటికి ఉంటుంది, వాన గోడను తాకకుండా చూరు కొసనే రాలిపోతుంది. అలాగే నీళ్ల అర అంచును అతుకు మీదుగా నాలుగు మిల్లీమీటర్లు కిందికి దించాను. డబ్బా మూతి ఆ చూరు లోపలికి దూరుతుంది. చెమట జారినా అతుకు దాటి, చూరు కొస నుంచి బయటికి రాలుతుంది. ఇదొక్కటే మార్పైతే కొత్త మౌల్డు అక్కర్లేదు, ఉన్నదాన్నే చెక్కుకోవచ్చు.

వేళచ్చేరి నెల్లూరమ్మాయి

అన్నా, సీసా నిలబెట్టి ఉంటే చూరు పనిచేస్తుంది. నా హ్యాండ్‌బ్యాగులో సీసా ఎప్పుడూ పడుకునే ఉంటుంది.

పీణ్య టూల్‌రూమ్

నిజం. పడుకోబెడితే చూరు లెక్కలోకి రాదు, వాషర్ ఒక్కటే దిక్కు. అప్పుడు డబ్బా పీల్చకుండా ఉండాలంటే చల్లబడకూడదు, అంటే మళ్లీ గాలి అరే. తిరిగి తిరిగి మొదలుపెట్టిన చోటికే వచ్చాను మాస్టారూ, కానీ ఇప్పుడు ఎందుకో తెలిసి వచ్చాను. డబ్బాకు విడి మూత పెడుతున్నాను, పైన ఐదు మిల్లీమీటర్ల ఖాళీ. దండగన్న నా తోటి పనివాడికి ఈ చర్చ మొత్తం చదివి వినిపించాను. రెండో మౌల్డుకు ఒప్పుకున్నాడు.

డబ్బా విడిగా ఊడొస్తుంది కాబట్టి నీళ్ల సీసా దాని అడుగుతో అది నిలబడుతుంది. డబ్బా పోయినా సీసా పనికొస్తుంది. నమూనాలు మూడు తీస్తాను. ఒకటి వేళచ్చేరికి. అప్పడం, టిష్యూ రెండూ పెట్టి చూడమ్మా, నిలబెట్టి ఒకసారి, పడుకోబెట్టి ఒకసారి.

ఆసుపత్రి డ్యూటీ, రాజాజీనగర్

ఇందాక డ్యూటీ దిగి ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ స్కేలు పెట్టి కొలిచాను తమ్ముడూ. పది మాత్రల వాటిలో అన్నింటికన్నా చిన్నది తొమ్మిదిన్నర సెంటీమీటర్లు. నీ డబ్బా లోపలి కొలత ఎంత? ఏడు అనుకుంటా. అంటే అందరి చేతికీ కత్తెర ఇస్తున్నట్టే. స్ట్రిప్పు కోయకుండా పట్టే డబ్బా నువ్వు గీసిన రోజు మా వార్డులో అందరికీ నేనే చెబుతాను. అప్పటిదాకా నా మాట వద్దనే.