సమస్య: పూల పిండితోడ పూరి వండె

సంచాలకులు: మా చిన్నది ఇంగ్లిష్ హోంవర్కులో పూరీలు పువ్వుతో చేస్తారని రాసింది. పిండి (flour) అనాల్సినచోట పువ్వు (flower) అని రాసింది, తప్పంతా స్పెల్లింగ్‌లోనే. కానీ ఆ వాక్యం నన్ను వదల్లేదు. దాన్నే నాలుగో పాదంగా పెట్టి, ముందు మూడు పాదాలూ రాసి పూరించండి.

కృష్ణాతీరం:
ఫ్లవరనుచును చీటి పద్మ రాయంగను
కొట్టువాడు పిండి కొలిచి యిచ్చె
పూవు మాటనుండి పుట్టెగా పిండియు
పూల పిండితోడ పూరి వండె

మూడో పాదం కల్పన కాదు. ఇంగ్లిష్‌లో పిండికి పువ్వు పేరే పెట్టారు, పిండిలో మేలైన భాగమని. 1755 నాటి జాన్సన్ నిఘంటువులో రెండూ ఒకే మాట. స్పెల్లింగ్ విడిపోయి స్థిరపడింది 1830 ప్రాంతంలోనే.

నేతిబొట్టు: మూడో పాదానికి దండం. మొదటి పాదంలో మాత్రం 'అనుచును', 'రాయంగను'... రెండు 'ను'లూ లెక్క నింపడానికి పెట్టిన పూడికలే. పోయినసారి 'ఇసుక తినిన బాలుడెంతొ మురిసె' అన్న సమస్యకి కూడా మీరు తొందరపడ్డారు. ఇంగ్లిష్‌లో ఎడారికీ (desert) భోజనం చివరి తీపికీ (dessert) ఒకే పలుకన్నారు. ఎడారికి నొక్కు మొదట, తీపికి చివర. తీపితో అచ్చంగా కలిసేది 'వదిలేసి పోవడం' (desert) అనే క్రియ. ఆ దారిలో వెళ్తే ఎంత మంచి పద్యం వచ్చేది!

కృష్ణాతీరం: ఒప్పుకుంటాను. మరి మీ పూరణ?

నేతిబొట్టు: మా ఇంట్లో అందరూ కార్న్‌ఫ్లోర్ అనే అంటారు, అంటే నేల! అక్కడ మొదలుపెట్టాను: 'కార్నుఫ్లోరు డబ్బ కనులార చూసి'

సంచాలకులు: 'చూసి' దగ్గర ఒక లఘువు (పొట్టి అక్షరం) తగ్గింది. 'చూసియు' అంటే నిలుస్తుంది.

ఉట్నూరు పంతులు: ఇంగ్లిష్ అక్కర్లేకుండా:
ఇప్పచెట్టు కింద నేరిన పూలను
ఎండబెట్టి దంచి యిష్టమార
గోండుగూడెమందు కోడలొక్కతె నేడు
పూల పిండితోడ పూరి వండె

నేతిబొట్టు: మాస్టారూ, ఇక్కడ పూలపిండి నిజంగా పూలపిండే. మొదటి పాదంలో ఇ-ఏ యతి (పాదం మొదటి అక్షరంతో నడిమి అక్షరం కలవడం) ఎంత సహజంగా కుదిరింది!

కృష్ణాతీరం: పద్యం అందమైనదే. కానీ పాపాయి తప్పు దేనివల్ల వచ్చిందో ఇందులో లేదు. నాకు సమస్య ప్రాణం అక్కడే ఉంది.

ఉట్నూరు పంతులు: ఇప్పపూల రొట్టె వాసన ఒక్కసారి చూస్తే అలా అనరు బాబూ. పూలు తెల్లవారకముందే రాలతాయి. పిల్లలు బుట్టలతో పరుగెడతారు.

కృష్ణాతీరం: వస్తాను మాస్టారూ, పిలవండి. ఈలోగా నేతిబొట్టు గారి కోసం ఆ రెండు 'ను'లూ తీసేశాను:
'ఫ్లవరటంచు చీటి పద్మ రాయగ చూచి'