జడేజా 181 బంతుల్లో 61: పోరాటమా, పొరపాటా?

ఉప్పల్ స్టాండ్ | జూలై 15, 2025

నిన్న రాత్రి నుంచి ఏ గ్రూపు తెరిచినా జడేజా ఫొటోలే. ఒంటరి పోరాటం, సింహం, ఇంకా ఏవేవో. లార్డ్స్‌లో మూడో టెస్టులో ఇంగ్లండ్ చేతిలో 22 పరుగుల తేడాతో ఓడాం, సిరీస్‌లో 1-2తో వెనకపడ్డాం. అందరూ దండలు వేస్తుంటే నేనొక్కడినే అడుగుతున్నట్టుంది కానీ, అడుగుతా. ఆ 61 నాటౌట్ మనల్ని గెలుపు దగ్గరికి తీసుకెళ్లిందా, గెలుపుకు అడ్డం పడిందా?

లక్ష్యం 193. ఐదో రోజు లంచ్‌కి 112/8. ఇంకా 81 కావాలి. బుమ్రాతో కలిసి 22 ఓవర్లు ఆడి చేసింది 35. బుమ్రా మొత్తం 54 బంతులు ఆడాడు, తర్వాత వచ్చిన సిరాజ్ 30. టెయిలెండర్లను, అంటే చివర్లో వచ్చే బౌలర్లను కాపాడటానికే జిడ్డు ఆడాడంటున్నారు. పదో నంబర్, పదకొండో నంబర్ కలిసి 84 బంతులు ఆడితే దాన్ని కాపాడటం అంటారా?

మొహాలీ, 2010 గుర్తుందా? ఆస్ట్రేలియా మీద 216 కావాలి. నాలుగో రోజు ఆట ఆగేసరికి 55/4. మొన్న లార్డ్స్‌లో మనం 58/4. అక్కడ 124/8 అయ్యాక నడుం నొప్పితో, రన్నర్‌ను పెట్టుకుని లక్ష్మణ్ ఇషాంత్‌తో కలిసి జోడించింది 81. నిన్న లంచ్ తర్వాత మనకు కావాల్సింది కూడా సరిగ్గా అదే. లక్ష్మణ్ 79 బంతుల్లో 73 నాటౌట్, ఒక్క వికెట్ తేడాతో గెలిచాం. మ్యాచ్‌ను ముగించడం అంటే అది.

పాత రేడియో

ఉప్పల్ బాబూ, మొహాలీ పోలిక వినడానికి బాగానే ఉంది. ఆ రోజు ఆస్ట్రేలియా బౌలర్ బొలింజర్ గాయంతో మధ్యలోనే బయటికి వెళ్లిపోయాడు. మిగిలింది హిల్ఫెన్‌హాస్, జాన్సన్, హారిట్జ్. లక్ష్మణ్ గొప్పతనాన్ని తగ్గించడం లేదు, ఆయన ఇన్నింగ్స్ అంటే నాకూ ప్రాణమే. కానీ నిన్న ఎదురుగా ఉన్నది నాలుగేళ్ల తర్వాత టెస్టుకు తిరిగొచ్చిన ఆర్చర్. పొద్దున తొమ్మిది ఓవర్లు, మధ్యాహ్నం మళ్లీ పది ఓవర్లు ఏకబిగిన వేసిన స్టోక్స్. వాళ్లకు తోడు కార్స్, వోక్స్. ఒక బంతి మోకాలి దగ్గరే ఉండిపోతుంటే ఇంకొకటి భుజం దాకా లేస్తున్న పిచ్.

మీరు మొహాలీ చెప్పారు కాబట్టి నేను చెన్నై, 1999 చెబుతాను. పాకిస్తాన్ మీద లక్ష్యం 271. సచిన్ 136 దగ్గర పెద్ద షాట్‌కు వెళ్లి ఔటయ్యాడు. అప్పటికి కావాల్సింది 17 పరుగులే. మిగిలిన మూడు వికెట్లూ నాలుగు పరుగుల్లో పోయాయి. 12 పరుగులతో ఓటమి. ఆ రోజు సచిన్ ఎందుకు కొట్టాడని తిట్టినవాళ్లే ఇవాళ జడేజా ఎందుకు కొట్టలేదని తిడుతున్నారు.

వైజాగ్ కుర్రాడు

జడేజా ఈ సిరీస్‌లో వరసగా నాలుగు అర్ధసెంచరీలు కొట్టాడు: 89, 69 నాటౌట్, 72, 61 నాటౌట్. ఆయన మీద చర్చ పెట్టడమే అన్యాయం. జైస్వాల్ సున్నాకు పుల్ కొట్టబోయి గాల్లోకి లేపాడే, దాని మీద పెట్టండి.

మా నితీశ్ రెడ్డి గురించి కూడా ఒక మాట. 82/7 దగ్గర వచ్చి 53 బంతులు నిలబడ్డాడు. లంచ్ ముందు వోక్స్ ఆ బంతి వెయ్యకపోయి ఉంటే ఈ చర్చే లేదు.

ఉప్పల్ స్టాండ్

53 బంతుల్లో 13 తమ్ముడూ. మెల్‌బోర్న్‌లో 114 కొట్టిన నితీశేనా అతను? సొంత ఊరి అభిమానం అర్థమవుతుంది, సిరాజ్ విషయంలో నాకూ ఉంది. కానీ అది వేరు, ఆట వేరు.

వైజాగ్ కుర్రాడు

మొదటి రోజు ఒకే ఓవర్లో డకెట్‌ను, క్రాలీని తీసింది ఎవరు, అన్నా? బుమ్రా కాదు, మీ సిరాజూ కాదు, మా నితీశే.

గుడ్ లెంగ్త్

ఊళ్ల గొడవ కాసేపు పక్కన పెట్టి ఫీల్డింగ్ చూద్దాం. ఎవరూ మాట్లాడనిది అదే.

స్టోక్స్ ఓవర్ మొదట్లో జడేజాకు బౌండరీ దగ్గర ఫీల్డర్లను పెట్టి సింగిల్ ఇస్తానన్నాడు. బుమ్రా స్ట్రైక్‌లోకి వస్తాడని జడేజా వద్దన్నాడు. ఓవర్ చివరికి వచ్చేసరికి స్టోక్స్ అందరినీ దగ్గరికి పిలిచి సింగిల్‌ను ఆపాలని చూశాడు. జడేజా నాలుగో బంతికో ఐదో బంతికో పరుగు తీసి, మిగిలిన ఒకటి రెండు బంతులు బుమ్రాకు వదిలేశాడు. గంటల తరబడి ఇదే ఆట. ఉప్పల్ అన్న చెప్పిన 54 బంతులు ఒక్కొక్కటిగా ఇలా పోగైనవే తప్ప, జడేజా బుమ్రాను ముందుకు తోసి తాను దాక్కున్నది కాదు.

ఇందులో నాకు నచ్చనిది ఒకటుంది. మొదటి మూడు బంతులకు ఫీల్డర్లు వెనక ఉన్నప్పుడు రెండేసి పరుగులు తీసే ఖాళీలు దొరుకుతాయి. ఆ బంతులను చాలావరకు ఊరికే అడ్డుకున్నాడు. బంతి మెత్తబడింది, బ్యాట్ మీదికి రావడం లేదు, నిజమే. అయినా ఓవర్‌కు ఒకటిన్నర పరుగుతో 81 చేయాలంటే 50 ఓవర్లకు పైగా ఆడాలి. బుమ్రా, సిరాజ్ 50 ఓవర్లు నిలుస్తారని ఏ ధైర్యంతో అనుకున్నాడు? 80 ఓవర్లు దాటితే కొత్త బంతి కూడా వస్తుంది. ప్లాన్ మొదటి గంటకు సరైనదే. బుమ్రా పుల్ కొట్టబోయి మిడాన్‌లో దొరికిపోయాక, 147/9 దగ్గర, అది మారాలి. మారలేదు.

ఉప్పల్ స్టాండ్

హమ్మయ్య, ఒకరైనా ఒప్పుకున్నారు. ఇంగ్లండ్ స్పిన్నర్ బషీర్ సంగతి కూడా చెప్పండి. ఎడమ చేతి చిటికెన వేలు విరిగి మైదానం బయట కూర్చున్న కుర్రాడు చివర్లో వచ్చి ఆరు ఓవర్లు కూడా వెయ్యలేదు, ఇచ్చింది ఆరు పరుగులు. అక్కడ కూడా కొట్టకపోతే ఇంకెక్కడ కొడతాడు?

గుడ్ లెంగ్త్

పూర్తిగా ఒప్పుకోలేదు. బషీర్ ఆఫ్ స్పిన్నర్, జడేజా ఎడమచేతి వాటం. బంతి బయటికి తిరుగుతుంది. ఐదో రోజు పిచ్ మీద బయటికి తిరిగే బంతిని లేపి కొట్టడం చెప్పినంత సులువు కాదు. అయినా రెండు ఓవర్లకు ఒకసారైనా ప్రయత్నించాల్సింది అంటాను. చివరికి ఏమైంది? సిరాజ్ బ్యాట్ మధ్యతోనే ఆడాడు. ఆ బంతి కింద పడి, వెనక్కి తిరిగి, మెల్లగా వెళ్లి లెగ్ స్టంప్ బెయిల్‌ను పడేసింది. దానికి ఏ వ్యూహం పనికొస్తుంది?

పాత రేడియో

సిరాజ్ అలా చతికిలబడితే క్రాలీ, రూట్ వచ్చి భుజం తట్టడం చూశారా? డకెట్‌ను ఔట్ చేసి ముఖం మీద ముఖం పెట్టి అరిచినందుకు మ్యాచ్ ఫీజులో 15 శాతం కోత పడింది కూడా అతనికే. రెండూ ఒకే మ్యాచ్‌లో.

బర్మింగ్‌హామ్ తెలుగోడు

ఇక్కడ అర్ధరాత్రి దాటింది, అయినా రాయకుండా ఉండలేకపోతున్నా. మీరంతా 193 ఛేదన గురించే మాట్లాడుతున్నారు. నాకైతే మ్యాచ్ అంతకు ముందే పోయింది.

మూడో రోజు లంచ్ ముందు పంత్ రనౌట్. రాహుల్ 98 మీద ఉన్నాడు, లంచ్‌లోపు వందకు చేరాలని తొందర, పంత్ స్ట్రైక్ ఇవ్వబోయి 74 దగ్గర పోయాడు. లంచ్ అయ్యాక రాహుల్ కూడా సరిగ్గా వందకే ఔట్. ఇద్దరూ హాయిగా ఆడుతున్నారు. ఇంకో గంట ఉంటే వంద పరుగుల ఆధిక్యం వచ్చేది. చివరి నాలుగు వికెట్లు 11 పరుగులకు రాలాయి, 387 దగ్గర ఇరు జట్లూ సమానం.

రెండో రోజు బంతి మార్పు ఇంకోటి. పొద్దున్నే బుమ్రా స్టోక్స్, రూట్, వోక్స్‌లను లేపేశాడు. 271/7. బంతి ఆకారం పోయిందని మనవాళ్లే అడిగి మార్పించుకున్నారు. వచ్చిన బంతి స్వింగ్ కావడం మానేసింది. స్మిత్, కార్స్ కలిసి 84 జోడించారు. గిల్ అంపైర్‌తో ఎంత వాదించినా పోయిన బంతి తిరిగి రాదు. ఆ 84లో సగం ఆపినా సరిపోయేది.

ఇవి కాక ఇంగ్లండ్ రెండో ఇన్నింగ్స్ 192లో 32 ఎక్స్‌ట్రాలు. పంత్ వేలికి దెబ్బ తగిలి జురెల్ కీపింగ్ చేశాడు, పాపం అతన్ని ఏమీ అనలేను, ఈ పిచ్ మీద బంతి కీపర్ దాకా ఊగుతూ వెళ్తుంది. కానీ ఓడింది 22 పరుగులతో.

ఉప్పల్ స్టాండ్

ఎక్స్‌ట్రాల మాట నిజమే అన్నా. అలా లెక్కపెట్టుకుంటూ పోతే ప్రతి ఓటమికీ పదిమంది బాధ్యులు దొరుకుతారు. చివరి రెండు గంటలు మ్యాచ్ ఒక్కడి చేతిలో ఉంది. నేను మాట్లాడేది ఆ రెండు గంటల గురించే.

వైజాగ్ కుర్రాడు

మరి ఒక్కడి చేతిలో పడే దాకా తెచ్చింది ఎవరు? కరుణ్ నాయర్ ఆరు ఇన్నింగ్స్‌లలో 131 పరుగులు. నాలుగో రోజు సాయంత్రం కార్స్ లోపలికి వేసిన బంతికి బ్యాట్ ఎత్తేసి ఎల్బీ. మూడో నంబర్‌లో అలా వదిలేస్తే ఎలా? ఇంగ్లండ్ మీదే ట్రిపుల్ సెంచరీ కొట్టాడని 2016 సంగతి ఇంకెంతకాలం చెబుతారు?

పాత రేడియో

దాన్ని ఇంత తేలిగ్గా కొట్టిపారెయ్యకండి. ఎనిమిదేళ్ల తర్వాత తిరిగి వచ్చాడు, రంజీల్లో విదర్భకు కుప్పలుగా పరుగులు చేసి వచ్చాడు. మొన్నటి మొదటి ఇన్నింగ్స్‌లో 40 కూడా చక్కగా ఆడాడు. చాలాసార్లు ఆరంభం బాగానే వస్తోంది, తర్వాతే ఏదో అవుతోంది. సాయి సుదర్శన్‌కు లీడ్స్‌లో, తొలి టెస్టులో ఒక్క అవకాశం ఇచ్చి తీసేశారు, సున్నా, 30. ఇప్పుడు కరుణ్‌ను తీసి మళ్లీ అతన్నే తెస్తారా? ఇద్దరికీ నమ్మకం పోతుంది.

గుడ్ లెంగ్త్

నా అభిప్రాయంలో జడేజా మీద ఇంత బరువు పడటానికి కారణం జట్టు ఎంపికే. లీడ్స్‌లో మొదటి ఇన్నింగ్స్‌లో 41 పరుగులకు ఏడు వికెట్లు, రెండో ఇన్నింగ్స్‌లో 31కి ఆరు. ఐదు సెంచరీలు కొట్టి కూడా ఓడేసరికి భయం పట్టుకుంది. అప్పటి నుంచి ఎనిమిదో నంబర్ దాకా బ్యాటింగ్ ఉండాలని జడేజా, సుందర్, నితీశ్ ముగ్గురినీ ఆడిస్తున్నారు. కుల్దీప్ బెంచ్ మీద నీళ్లు మోస్తున్నాడు. 13 టెస్టుల్లో 56 వికెట్లు తీసినవాడు! ఇంత బ్యాటింగ్ పెట్టుకుని కూడా చివరికి మ్యాచ్ బుమ్రా, సిరాజ్‌ల బ్యాట్ మీదికే వచ్చింది. కుల్దీప్ ఉండి ఉంటే కార్స్, స్మిత్ 84 కొట్టేవారా అన్నది నా ప్రశ్న.

ఉప్పల్ స్టాండ్

సుందర్ రెండో ఇన్నింగ్స్‌లో 22 పరుగులకు నాలుగు తీశాడు, నలుగురూ బౌల్డే. అందులో రూట్, స్టోక్స్ ఉన్నారు. అతన్ని తీసి కుల్దీప్‌ను పెట్టమంటారా?

గుడ్ లెంగ్త్

సుందర్‌ను కాదు. నితీశ్‌ను.

వైజాగ్ కుర్రాడు

అదిగో, వచ్చారు అసలు విషయానికి! ఏ సిరీస్ అయినా చివరికి వేటు మా వాడి మీదే.

బర్మింగ్‌హామ్ తెలుగోడు

నాలుగో టెస్టు మాంచెస్టర్‌లో 23న మొదలు. ఓడితే సిరీస్ పోయినట్టే. ఆ మైదానంలో తొమ్మిది టెస్టులు ఆడి ఒక్కటీ గెలవలేదు మనం. 1990లో అజహర్ 179, సచిన్ 119 నాటౌట్ కొట్టిన మ్యాచ్ కూడా డ్రానే. బుమ్రా ఈ సిరీస్‌లో మూడే ఆడతాడని ముందే చెప్పారు, రెండు అయిపోయాయి, 12 వికెట్లు. మూడోది మాంచెస్టరా, చివరి టెస్టు జరిగే ఓవలా?

పాత రేడియో

మాంచెస్టరే. ఓడిపోయాక ఓవల్‌లో ఆడి ఏం లాభం? రెండో టెస్టులో, ఎడ్జ్‌బాస్టన్‌లో బుమ్రా లేకుండానే 336 పరుగులతో గెలిచాం, ఆకాశ్ దీప్ పది వికెట్లు తీశాడు. ఆ నమ్మకంతో ఓవల్‌కు సిరాజ్, ఆకాశ్‌లను పంపవచ్చు.

ఉప్పల్ స్టాండ్

సిరాజ్ మూడు టెస్టులూ ఆడాడు, 13 వికెట్లు. వర్క్‌లోడ్ అన్న మాట అతని విషయంలో ఎవరికీ గుర్తుకు రాదు. ఐదూ ఆడిస్తారు చూడండి.

సరే, బుమ్రా మాంచెస్టర్‌లోనే ఆడాలి, అక్కడ గొడవ లేదు. కరుణ్‌కు ఇంకో మ్యాచ్ ఇవ్వను, సాయి సుదర్శన్ రావాలి. కుల్దీప్ విషయంలో గుడ్ లెంగ్త్ మాటే నా మాట. జడేజా ఆరో నంబర్‌కు రావాలి. ఎనిమిది వికెట్లు పడ్డాక టెయిలెండర్లతో లెక్కలు వేసుకోవడం కాకుండా, పంత్ పక్కన నిలబడి ఆడనివ్వండి. ఎడ్జ్‌బాస్టన్‌లో గిల్‌తో ఆడినట్టు.

వైజాగ్ కుర్రాడు

పొద్దున పోరాటమా పొరపాటా అని మొదలుపెట్టి, సాయంత్రానికి ఆయనకే ప్రమోషన్ ఇచ్చేశారు కదన్నా.

ఉప్పల్ స్టాండ్

ఫామ్ మీద నాకు అనుమానమే లేదు. నా గొడవ 147/9 తర్వాత ఆడిన 80 బంతుల మీద. ఆ మాట వెనక్కి తీసుకోను.